ఏడు కాగితాలు

మూడు వారాలకొక సోమవారం రాజశ్రీ తెల్లారకముందే చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సెక్కుతాది. పక్కన మొగుడు గిరిప్రసాద్, ఒళ్ళో ఫైలు, సంచిలో పెరుగన్నం. ఆస్పత్రిలో చేతికి సూది గుచ్చి నాలుగ్గంటలు సీసాలు ఎక్కిస్తారు. సాయంత్రం మళ్ళీ బస్సు. రొమ్ములో గడ్డ తీసేసి నాలుగు నెలలు దాటింది. మొదటి రెండు ఇంజెక్షన్లతోనే భయం అయిపోయింది. ఇప్పుడు అదీ లేదు, ఇంకేదీ లేదు. కిటికీలోంచి మామిడితోపులు పోతా ఉంటే చూస్తాది, అంతే.

ఇంటికొచ్చి చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి పోతాది. గోడకుండే తేదీల క్యాలెండర్లో మూడు కాగితాలు ఒక్కపట్టున చించేస్తాది. మంగళ, బుధ, గురువారాలు. కళ్ళు మూసి తెరిస్తే శుక్రవారం. వాంతులూ నోటిపూతా ఏవీ ఆమెకి తగలవు. మనిషి మంచంమీదే ఉంటాది, గంజి తాగతాది, అడిగితే బదులు గూడా చెప్తాది. కానీ రాజశ్రీ మాత్రం అందులో ఉండదు. బళ్ళో ఆమెతో పాటు పాఠాలు చెప్పే అమల చూసిపోను వస్తే, అత్త కుప్పమ్మ గడపలోనే చెప్పేస్తాది.

"రాజీ లేదమ్మా. శుక్రవారం వస్తాది. నువ్వు కూర్చో, కాఫీ తాగి పో."

అమల మంచం పక్కన కూర్చొని కాఫీ తాగి పోతాది.

దసరా సెలవులొచ్చినాయి. పదేళ్ళ కూతురు మహిత ఇంతవరకూ సముద్రం చూడలేదు. రేపూ మాపూ అంటానే రెండేళ్ళు గడిపేసినారు. ఈసారి డాక్టరమ్మ, "సోమవారం అయిదో ఇంజెక్షను. మూడు దినాలు పడుకో, శుక్రవారం రైలెక్కు. గుంపులో మాస్కు తీయొద్దు, జొరమొస్తే వెంటనే ఆస్పత్రికి పో," అనింది. గిరిప్రసాద్ రామేశ్వరానికి టికెట్లు తీసినాడు. మహిత అయితే సంచి సర్దేసి తలకింద పెట్టుకొనే పడుకుంటా ఉంది.

మందులకి రాజశ్రీ వేళ్ళ కొసలు మొద్దుబారినాయి. జాకెట్టు గుండీ తెలీదు, బియ్యంలో రాయి తెలీదు. ఆ సోమవారం వంటింట్లో చేతికందినంత పట్టుకొని చించింది. మూడే అనుకునింది.

కళ్ళు తెరిస్తే మహిత ముక్కు ఎండకి కమిలి ఉండాది. కిటికీలో గవ్వలు ఆరబెట్టి ఉండాయి.

"ఈ పొద్దు ఏం వారమే?"

"మంగళవారం మా. నిన్నే గదా ఊరినుంచి వచ్చినాము! ఫోటో చూడు."

ఫోటోలో రాజశ్రీ తలకి గుడ్డ కట్టుకొని, మోకాళ్ళలోతు నీళ్ళలో కూతురి చెయ్యి పట్టుకొని పకపకా నవ్వతా ఉండాది. "బాగుండాది," అనింది, ఎవురిదో పెండ్లి ఫోటో చూసినట్టు. ఏడుపు గూడా రాలేదు.

మహిత చెవి దగ్గరికొచ్చింది. "నీళ్ళలో నాకు మాటిచ్చినావు గదా మా, నేనెవురికీ చెప్పలేదు."

ఏం మాట? రెండో ఇంజెక్షనుతోనే అయిపోయిన భయం రాజశ్రీకి ఇప్పుడు మళ్ళీ వచ్చింది. తన నోరే బిడ్డకి మాటిచ్చింది, ఇచ్చింది మాత్రం తాను కాదు. ఏం మాటని అడిగితే ఆ బిడ్డ మొహం ఏమైపోతాదో! అయ్యో, ఎంత పని చేసుకున్నాన్రా దేవుడా అని కుమిలిపోయింది.

"అత్తా, ఆ కాగితాలు యాడ పెట్టినావు?"

వాటిమీద స్వామి బొమ్మ ఉంటాది గదా, చెత్తలో వేస్తే పాపమని కుప్పమ్మ ఒక్కటీ పారేయదు. పూజగూట్లోంచి తీసుకొచ్చి ఎంచింది. ఏడు.

"అతకచ్చు. అయితే ఏకంగా చించినవి ఏకంగానే అతకల్ల. సముద్రమొకటే కావాలంటే రాదు. వాంతులు గూడా వస్తాయి, సూసుకో."

"అతుకు అత్తా."

"అట్లయితే నేను మళ్ళీ సెలవు చీటీ రాసియ్యాల్నా?" అని గిరిప్రసాద్ గొణిగినాడు. మళ్ళీ రైలా అని మహిత ఎగిరింది.

అన్నం మెతుకులు నలిపి ఏడూ అతికినారు. ఆఖరిది అంటుకునేతలికి పోయిన మంగళవారం తెల్లారింది. కిటికీలో గవ్వలు లేవు. మహితకి సముద్రం మళ్ళీ చూడనిదే అయింది. రాజశ్రీకి కడుపులోంచి తన్నుకొచ్చింది. బక్కెట్టు మీద వంగితే కుప్పమ్మ నొసలు పట్టుకునింది. నోరంతా పుండు, ఒళ్ళంతా పచ్చి నొప్పులు.

"నా వల్ల కాదత్తా, చచ్చిపోతా."

"మూడు కాగితాలు నేను ఎంచి ఇస్తా, చించేయ్ తల్లీ. శుక్రవారానికి వచ్చేద్దువు. ఎవురేమంటారు నిన్ను?"

రాజశ్రీ చెయ్యి గోడకేసి లేచింది. ఆ పాటికి మహిత వచ్చి బక్కెట్టు పక్కన చతికిలబడింది.

"మా, పెద్ద అలలు వస్తాయంట. నాకు భయంగా ఉండాది. నా చెయ్యి వదిలిపెట్టవు గదా?"

రాజశ్రీ చెయ్యి దించి, బిడ్డ చేతిని పట్టుకునింది.

"వదల్ను," అనింది. అని, ఆ చెయ్యి అట్లే పట్టుకొని మళ్ళీ బక్కెట్టు మీదకి వంగింది.