డెబ్భై ఒక్క శాతం

గొంతు అమ్ముకున్నవాణ్ణి నేను. అబద్ధమెందుకు, అమ్ముకోను కూడా లేదు. ఉత్తినే ఇచ్చాను, పైగా మురిసిపోతూ ఇచ్చాను.

మిన్నెసోటా ఉత్తరపు కొసన మా గ్యాస్ కంపెనీలో ఇరవై రెండేళ్ళు ట్యాంకర్ లారీ నడిపాను. ఇక్కడ ప్రతి ఇంటి వెనకా ఒక ట్యాంకు, లోపల ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు. జనవరిలో అది ఆగిందంటే మనిషి పని అయిపోయినట్టే. నా మోకాళ్ళు అరిగిపోయాక ఓనరు డారెల్ నన్ను ఆఫీసులో ఫోన్ దగ్గర కూర్చోబెట్టాడు. ఆయన పోయాక కూతురు కారీ చేతికి కంపెనీ వచ్చింది. నా లారీలో ముందు సీట్లో ఆడుకుంటూ పెరిగిన పిల్ల, నన్ను బాబాయ్ అంటుంది.

కారీ తెలివైంది. కాదని ఎవడన్నా అంటే నేనే తంతాను. ప్రతి ట్యాంకుకీ ఒక సెన్సర్ పెట్టించింది. ఇదివరకు రెండు వారాలకోసారి, గురువారం వచ్చిందంటే, అవసరం ఉన్నా లేకపోయినా ప్రతి గుమ్మం తొక్కేవాళ్ళం. ఇప్పుడు ఆఫీసులో స్క్రీన్ చెబుతుంది: నిండుగా ఉంటే పచ్చ చుక్క, అడుగంటితే ఎర్ర చుక్క. ఎర్ర చుక్క ఉన్న ఇంటికే లారీ. ఆరు లారీల పని నాలుగు చేస్తున్నాయి. ఆ చలికాలం ఒక్క ఇంట్లో కూడా గ్యాస్ అయిపోలేదు. ఒకచోట పైపు పగిలి ట్యాంకు గబగబా ఖాళీ అవుతుంటే మెషిన్ గోల పెట్టింది, పరిగెత్తి నలుగురు ప్రాణాలు కాపాడాం. దాని మీద లేనిపోని నిందలు నేను వెయ్యను.

తర్వాత ఫోన్ వంతు వచ్చింది, జవాబు చెప్పే పని కూడా మెషిన్‌కే. "బాబాయ్, జనం ఇన్నాళ్ళూ విన్నది నీ గొంతే కదా. మెషిన్‌కి కూడా నీ గొంతే పెడదాం. కొత్త గొంతైతే బెదిరిపోతారు," అంది కారీ. రోజంతా ఒక గదిలో కూర్చుని ఒకటి నుంచి వంద దాకా అంకెలు చదివాను, చిన్నప్పుడు బళ్ళో కూడా అంత బుద్ధిగా చదవలేదు. దాని తర్వాత మూడు ముక్కలు: "మీ ట్యాంకులో ఇంత శాతం గ్యాస్ ఉంది. దిగులేం లేదు. వెచ్చగా ఉండండి." ఇరవై నిమిషాలు లైన్లో పడిగాపులు కాసే జనానికి ఒక్క క్షణంలో జవాబు. "ఏమయ్యా లైల్, ఎప్పుడన్నా ఇంత మర్యాదగా మాట్లాడావా!" అని దారిలో ఆపి మరీ వెక్కిరించేవాళ్ళు. నాకు ఎంత గర్వమో!

సరస్సు చివర ఆఖరి ఇల్లు ఐలి సాల్మెలాది. ఎనభై ఆరేళ్ళు, మొగుడు పోయి పదేళ్ళు. నేను పెద్దమ్మా అనేవాణ్ణి. ఆఫీసులో కూర్చున్నాక కూడా ఆ ఒక్క ఇంటికి లారీతో పాటు నేనూ వెళ్ళేవాణ్ణి. నేను వెళ్ళే గురువారం ఏలకుల రొట్టె కాల్చి, కాఫీ కాచి, నా బూట్ల కింద పాత పేపర్ పరిచి, తిట్టడం మొదలుపెట్టేది. అన్ని ఇళ్ళూ అయ్యాక చివరికి ఆవిడ ట్యాంకుకి సెన్సర్ బిగించడానికి వెళ్ళిన రోజున అడిగింది.

"అయితే ఇక రావన్నమాట."

"అవసరమైతే వస్తాం పెద్దమ్మా. గ్యాస్ అయిపోవడమనేదే ఉండదు."

"ఎప్పుడు అయిపోయింది గనక? నేనడిగేది గ్యాస్ గురించేనా?"

"రోజూ స్క్రీన్ మీద నిన్ను చూస్తూనే ఉంటాగా."

"నన్నా, నా ట్యాంకునా?"

"రెండూ ఒకటేలే."

"నీ మొహం! మరి నాకేమన్నా అయితే?"

"ఫోన్ చెయ్యి. నేనే పలుకుతాను."

మెషిన్ అని చెప్పలేదు. చెబితే మళ్ళీ అదేమిటి ఇదేమిటి అని గంటసేపు విడమరచాలి. బద్ధకం, అంతే. "ఒట్టేనా?" అంది. "ఒట్టు," అన్నాను, నోటి నిండా రొట్టె పెట్టుకుని.

మొదట్లో రోజూ చూసేవాణ్ణి. పచ్చ చుక్కలు వాటంతటవే మాయమైపోతాయి, కళ్ళు ఎర్రవాటి మీదే ఉండాలని. పచ్చవి చూడాలంటే వేరే బటన్ నొక్కాలి. కొన్ని వారాలు నొక్కాను. జనవరిలో చలి మైనస్ ముప్పై దాటేసరికి స్క్రీన్ నిండా ఎర్ర చుక్కలే. ఇక ఆ బటన్ జోలికి పోలేదు.

నెలాఖరున కారీ చప్పట్లు కొడుతూ వచ్చింది. కొత్త పథకం పెట్టింది: ఈ చలికాలపు పొదుపు ఇల్లు. నెలలో అందరికన్నా తక్కువ గ్యాస్ వాడినవాళ్ళని మెషినే ఎంచుతుంది, బహుమతిగా బుట్ట నిండా తినుబండారాలు, ఒక పెద్ద పందిమాంసపు హామ్.

"ఎవరో చెప్పుకో బాబాయ్! మీ పెద్దమ్మే! పంతొమ్మిది రోజులుగా డెబ్భై ఒక్క శాతం దగ్గరే ఉంది. ఒక్క చుక్క కాలిస్తే ఒట్టు!"

"పిసినారి ముసల్ది," అని పడీ పడీ నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే స్క్రీన్ వైపు తిరిగాను.

"ఒక్క చుక్కా? జనవరిలోనా?"

కారీ మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. "ఫ్లోరిడా ఎండలకి వెళ్ళిందేమో..."

"డులూత్ టౌను దాటి ఎరగదు ఆవిడ. కారు తియ్యి!"

దారంతా ఒకటే మాట కారీది: "తగ్గితే గోల పెట్టమన్నాం బాబాయ్. తగ్గకపోతే చెప్పమని ఎవరికి తోస్తుంది?" నాకు తోచాలి. ఇరవై రెండేళ్ళు ఈ చలిలో బండి తోలిన వెధవని, నాకు తోచకపోతే ఇంకెవరికి తోస్తుంది?

మెట్ల మీద మంచులో ఒక్క అడుగు జాడ లేదు. తలుపు తాళం వేసి లేదు. లోపల మా ఊపిరి పొగలా కనిపించింది. వంటింటి కుర్చీలో కూర్చుని ఉంది పెద్దమ్మ, రెండు కోట్లు, మొగుడి టోపీ వేసుకుని. ఎదురుగా బల్ల మీద ఫోన్. సింకులో నీళ్ళు గడ్డకట్టాయి. కారీ పోయిన తండ్రిని తలుచుకుని "నాన్నా!" అంటూ నేల మీద కూలబడింది. పొద్దున్నే కారీ సర్దిపెట్టుకున్న బహుమతి బుట్ట కార్లోనే ఉండిపోయింది.

ఫర్నేసులో వేలెడంత ముక్క ఒకటి పాడైంది. అంతే. ఎప్పటిలా ఆ గురువారం నేను వెళ్ళి ఉంటే పది నిమిషాల పని.

"పక్కనే ఫోన్ ఉంది, ఎవరికీ చెయ్యలేదా?" అని అడిగాడు పోలీసాయన. నాకూ అదే అర్థం కాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, చెయ్యలేదనుకుంటే ఆ పూట కాస్త ఊపిరాడింది.

సేవ మెరుగుపరచుకోవడానికి మెషిన్ ప్రతి ఫోనూ రికార్డు చేస్తుంది. మర్నాడు కారీ తెరిచి చూసి పాలిపోయింది. ఆ నెంబరు నుంచి ఒకే రోజు మూడు ఫోన్లు. మూడింటి పక్కనా ఒకే మాట: పరిష్కారమైంది.

"వద్దు బాబాయ్, వినకు."

విన్నాను.

"ఒరేయ్ లైల్, ఇల్లు చల్లబడిపోయిందిరా. ఏదో ఆగిపోయింది."

"మీ ట్యాంకులో డెబ్భై ఒక్క శాతం గ్యాస్ ఉంది. దిగులేం లేదు. వెచ్చగా ఉండండి."

రెండోది. "గ్యాస్ సంగతి కాదురా. ఒక్కసారి వచ్చి చూసిపోతావా?"

"మీ ట్యాంకులో డెబ్భై ఒక్క శాతం..."

మూడోదాంట్లో ముందు పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. తర్వాత మెల్లగా అంది:

"సరేలే నాయనా. నువ్వే దిగులు లేదంటుంటే నాకెందుకు భయం? పని చూసుకో. గురువారం వస్తావుగా?"

"వెచ్చగా ఉండండి," అన్నాను నేను.