అంచు దాటే పోగు

పర్సిస్ రఫ్ఫు చేసిందంటే చిల్లు ఎక్కడుండేదో చీర కట్టుకున్న మనిషి కూడా చెప్పలేదని పిస్కాటవే ఊళ్లోని తెలుగు చర్చిలో పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తున్నా, తాను చీరాలలో మగ్గం గుంట పక్కన పెరిగిన పిల్లనని ఎవరూ అడక్కుండానే చెప్పేది.

అలా చెప్పబట్టే లొరెయిన్ ఆ ఉన్ని తివాచీని తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. లొరెయిన్ అదే ల్యాబ్‌లో పనిచేస్తుంది. నవాహో అనే ఆదివాసీ తెగ మనిషి, అరిజోనా నుంచి వచ్చింది. తివాచీ వాళ్లమ్మ నేసినవాటిలో ఆఖరిది. అది మగ్గం మీంచి దించిన కొన్నాళ్లకే ఆవిడ పోయింది. నడుమంతా బూడిదరంగు, చుట్టూ బెత్తెడు నల్లంచు. నడిమిభాగంలో చిమ్మట కొట్టి కందిగింజంత చిల్లు పడింది.

"ఈ చిల్లు ఒక్కటీ పూడ్చగలవా? ఇంకెవరి చేతికీ ఇవ్వాలనిపించలేదు," అంది లొరెయిన్.

ఇంటికి తెచ్చి బల్లమీద పరిచి, ఆ నేత బిగువు చూసి పర్సిస్ మురిసిపోయింది. ఆ మురిపెం తీరకముందే కన్ను పైమూల మీద పడింది. నడిమిభాగంలోంచి బూడిదరంగు పోగొకటి బయల్దేరి, నల్లంచును దాటుకుని చివరిదాకా పోయింది.

"అయ్యో, పెద్దావిడ. చూపు ఆని ఉండదు," అంది.

టీ తాగుతున్న ప్రేమానందం భార్య మొహం చూడగానే సంగతి పసిగట్టాడు. "వాళ్లడిగింది చిల్లు గురించేగా? ఆ పోగు జోలి నీకెందుకు? ఒకసారి కాల్ చేసి అడుగు."

"మీ అమ్మ తప్పు నేసిందని, పోయినావిడ కూతురికి కాల్ చేసి చెప్పమంటారా? బావుందండీ వరస!"

ఆమె కోపానికి కారణం ఉంది. చిన్నప్పుడు తన నాన్న నేసిన బట్టను సావుకారు వెలుతురుకు పట్టి, ఒక్క తప్పు పోగు మీద వేలు పెట్టి, "ఇదేంటయ్యా?" అన్నాడు. నాన్న తలెత్తలేదు. గుమ్మం పక్కన నిలబడి పర్సిస్ చూసింది. ఏ నేతమనిషికీ ఆ గతి పట్టకూడదని అప్పుడే అనుకుంది, పోయినవాళ్లకైనా సరే.

పైగా చిల్లుకు సరిపోయే బూడిదరంగు ఉన్ని ఏ షాపులోనూ దొరకలేదు. అంచులోని ఆ పోగు మాత్రం అచ్చంగా అదే రంగు. ఒక దెబ్బకు రెండు పిట్టలు! పోగు లాగి చిల్లు పూడ్చింది. పోగు పోయిన చోట నల్ల ఉన్ని నింపింది. తన పనికి తానే దిష్టి తీసుకోవాలన్నంత బాగా కుదిరింది.

శనివారం లొరెయిన్ వచ్చింది. చిల్లు ఉన్నచోటు తడిమి నవ్వింది. తర్వాత ఆమె వేలు అలవాటుగా పైమూలకు పోయి, అక్కడే వెతుక్కుంది. నవ్వు ఆగిపోయింది.

"ఇక్కడి గీత ఏమైంది?"

"అది కూడా సరిచేశాను," అంది పర్సిస్, మెచ్చుకోలు కోసం చూస్తూ.

లొరెయిన్ కుర్చీలో కూలబడింది. "అది తప్పు కాదు పర్సిస్. నేసేటప్పుడు మనసంతా అందులోకి పోతుందనేది అమ్మ. చుట్టూ అంచు మూసేస్తే లోపలే చిక్కుకుపోతుందట. అందుకని బయటికి దారి వదిలేది. తను పోయాక రోజూ ఆ దారి మీద వేలు నడిపేదాన్ని."

పర్సిస్‌కు తల కొట్టేసినట్టయింది. పోయినావిడ పరువు కాపాడానని మురిసిందే, ఆవిడ దారి మూసేసి, ఆ పోగుతోనే లోపలి చిల్లు పూడ్చింది! ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. బట్టను వెలుతురుకు పట్టి తప్పు వెతికిన సావుకారు ఇప్పుడెవరో ఆమెకు తెలిసింది.

"ఇప్పుడే విప్పేస్తాను," అంటూ సూది, కత్తెర తెచ్చింది. మూలమీదికి వంగింది. దీపం దగ్గరికి జరిపింది. గీత ఎక్కడుండేదో ఆమెకే దొరకలేదు. అంత బాగా చేసింది మరి.

లొరెయిన్ కళ్లు మూసుకుని అంచుమీద బొటనవేలు నడిపి, ఒకచోట ఆపింది. "ఇక్కడ."

పర్సిస్ నల్ల ఉన్ని తీసేసింది. తర్వాత చిల్లు దగ్గర ఆగింది. "ఆ గీత పోగుతోనే దీన్ని పూడ్చాను. లాగితే చిల్లు మళ్లీ పడుతుంది."

"పడనీ."

లాగిన పోగును సూదికి ఎక్కించబోతే లొరెయిన్ చెయ్యి చాచింది. "అది నాకియ్యి."

ఆమెకు సూదిపని రాదు. ఒకచోట వదులుగా, ఒకచోట ముడిగా, పోగు వంకరటింకరగా అంచు దాటింది. సాయం చేద్దామని పర్సిస్ వేళ్లు తహతహలాడాయి. కానీ చేతులు ఒళ్లో పెట్టుకుని, వాళ్ల నాన్నలాగే తలెత్తకుండా కూర్చుంది.