సన్యాసమ్మ స్నానాలగదిలో నేను

నేను ఒక స్టీలు కడ్డీని. ఏ కార్ఖానాలో పుట్టానో గుర్తులేదు. ఊహ తెలిసేసరికి విజయనగరం సిటీ బస్సులో, డ్రైవరు వెనక నిలువునా నిలబడి ఉన్నాను. బస్సెక్కగానే అందరూ నా కోసమే చెయ్యి చాచేవారు. సీటు దొరకగానే నన్ను మరిచిపోయేవారు. నాకేమీ కోపం రాలేదు. మనుషుల తీరే అంత.

బస్సు ముసలిదయ్యాక దాన్ని విప్పేశారు. నేను పాత ఇనుప సామాన్ల కొట్టులో, విరిగిన కుర్చీల కింద పడ్డాను. సన్యాసమ్మ నన్ను చూసింది అక్కడే.

ఆమె బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి వద్దనుకుని, సొంత జీతంతో రెండు గదుల ఇల్లు కట్టుకుని, ఒంటరిగా, సంబరంగా బతుకుతోంది. ఆ మధ్య స్నానాలగదిలో జారిపడితే మణికట్టు విరిగింది. తమ్ముడు గౌరునాయుడు బొబ్బిలి నుంచి పరుగున వచ్చి, ఇల్లు అద్దెకిచ్చేసి తనతో వచ్చెయ్యమని పట్టుబట్టాడు. అక్కంటే ప్రాణం అతనికి. ప్రేమ ముదిరినవాళ్ళు ఎదుటివాళ్ళ సామాను సర్దడం మొదలుపెడతారు కదా, అతనూ ఆమె చీరలన్నీ పెట్టెలో పెట్టేశాడు.

“ఇల్లు జారిపోనేదురా, నాను జారినాను,” అందట సన్యాసమ్మ. “జారకుండా ఏటి సెయ్యాలో అది సేస్తాను. ఇల్లు మాత్రం ఒగ్గను.”

చేతికట్టు విప్పేదాకా ఆగమని తమ్ముణ్ణి ఒప్పించి, కొట్టుకొచ్చింది. కడ్డీలన్నీ ఒక్కొక్కటే పట్టి చూసింది. నన్ను నేలకు ఆనించి, బాగున్న చేత్తో పట్టుకుని బరువంతా మోపి చూసి, నన్నే ఎంచుకుంది. వెల్డరు అజీజ్ నన్ను కోసి, పంపు పక్కన గోడకు అడ్డంగా బిగించాడు. నున్నటి పలకలు తీయించి గరుకు రాళ్ళు వేయించింది. మంచం దగ్గరే లైటు స్విచ్చి పెట్టించింది. పక్కింటివాళ్ళకు ఒక తాళంచెవి ఇచ్చింది.

కట్టు విప్పిన మర్నాడు పొద్దున్నే గౌరునాయుడు సామాన్ల ఆటోతో దిగాడు. గోడకున్న నన్ను చూసి నవ్వాడు. ఈ పాత ఇనుముతో పడకుండా ఉంటావా అని అక్కను ఆటపట్టించి, కాళ్ళు కడుక్కోవడానికి లోపలికొచ్చాడు. వస్తూనే సబ్బుముక్క మీద కాలేశాడు.

భారీ మనిషి. రెండు చేతులతో నన్ను కరుచుకున్నాడు. నా మరలు కిర్రుమన్నాయి కాని ఊడలేదు. సన్యాసమ్మ గుమ్మంలోకి వచ్చింది.

“అప్పా, నాను పడిపోనేదు,” అన్నాడతను అక్కతో, నన్ను వదలకుండానే.

“సూస్తన్నాను. మెల్లగా నిలబడు.”

నిలబడ్డాడు. కాసేపు నన్ను తడుముతూ ఉండిపోయాడు. తరవాత భుజం మీది తువ్వాలు తీసి నా పొడవు కొలిచి, అంత మేర ముడి వేసుకున్నాడు.

“ఆ అజీజ్ ఎక్కడుంటాడప్పా? మా ఇంట్లోనూ ఒకటి ఎట్టించాలి.”

పెట్టెలోని చీరలు అతనే తీసి బీరువాలో పెట్టాడు. అక్క వండిన పెసరట్లు తిన్నాడు. ఆటో ఊరికే వచ్చినట్టు కాకుండా, ఆమె పెరట్లో పండిన పెద్ద పనసకాయ అందులో ఎక్కించుకుని వెళ్ళాడు.

సన్యాసమ్మ తలుపు గడియ వేసుకుంది. అంతసేపూ ఆపుకున్న నవ్వు అప్పుడు వదిలింది. గోడలో ఉన్న నాకు ఆ నవ్వు మరల దాకా తగిలింది.