మారుపేరు లేని చీమలు

"బాత్రూములో దూరి అరగంటయింది. ఆఫీసుకి నేను వెళ్ళాలా, ఆ చీమలు వెళ్తాయా?" అంటూ మా ఆయన తలుపు దబదబా బాదారు.

లోపల నీళ్ళ చప్పుడు లేదు. "క్రి... క్రి... క్రి..." అని ఒకే అక్షరం మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది. మా ఆడపడుచు చిట్టి చీమల శాస్త్రీయ నామాలు వల్లె వేసుకుంటోంది.

"ఉన్నది నువ్వుగింజంత, పేరు చూస్తే గూడ్సు బండంత! పెట్టినవాడెవడో గానీ బొత్తిగా పనిలేనివాడు," అన్నారాయన.

"పెరట్లో కుళాయి ఉందిగా, అక్కడ కడుక్కోరా మొహం," అన్నారు వంటింట్లోంచి అత్తయ్య.

"నా సబ్బు లోపలుందమ్మా."

తలుపు కొంచెం తెరుచుకుంది. ఓ చెయ్యి సబ్బుపెట్టెను గుమ్మం బయట పెట్టింది. మళ్ళీ గడియ పడింది. నాకు నవ్వొచ్చింది, ఆయనకి రాలేదు.

"ఇంట్లో ఇన్ని గదులుండగా అక్కడే ఎందుకంట?"

"గదుల్లో మనం ఉంటాం కదండీ," అన్నాను.

చిట్టికి చిన్నప్పటినుంచీ నత్తి. తను మాట మొదలుపెడితే పూర్తి చెయ్యడం ఈ ఇంట్లో అందరికీ అలవాటు. అది ప్రేమే, కాదనను. కానీ అందించిన మాట తను అనాలనుకున్నది కాకపోయినా తలూపి ఊరుకుంటుందని నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలోనే గమనించాను. అందుకే నేను మాత్రం ఎంతసేపయినా ఆగుతాను. ఆ విషయంలో నాకు కాస్త గర్వం కూడా.

గొంతులో అడ్డుపడే మాట వస్తోందని ముందే పసిగట్టి చిట్టి పక్కమాటలోకి మళ్ళిపోతుంది. పంచదార అనదు, చక్కెర అంటుంది. కిటికీ తియ్యమనదు, గాలి రానివ్వమంటుంది. చీమల దగ్గర ఆ ఉపాయం పారదు. క్రిమాటోగాస్టర్‌ని క్రిమాటోగాస్టర్ అనే అనాలి.

వచ్చే వారం కాలేజీలో పెద్దల ముందు తన పరిశోధన గురించి చెప్పాలి. బాగా చెబితే ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తారు. లేదంటే పెట్టెల్లో చీమలకి సూదులు గుచ్చి చీటీలు అంటించే పనే గతి. గైడుగారు మంచి మనసుతోనే ఓ మాటన్నారట. వ్యాసం తోటి విద్యార్థి చదువుతాడు, నువ్వు పక్కన నిలబడి తెరమీద బొమ్మలు మారుస్తూ ఉండు అని. ఏ సంగతో ఇవాళ సాయంత్రంలోగా చెప్పాలి.

నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. చిట్టికి సాయంగా ఉంటుందని బట్టలు మడతపెడుతూ ఫోన్‌లో ఆ పేర్లు ఎలా పలుకుతారో విన్నాను. ఒకే చీమని ఒకాయన ఫైడోలి అంటాడు, ఒకావిడ ఫీడోల్ అంటుంది, వాళ్ళ గైడు అనేది ఇంకొకటి.

"ఏది సరైనదే?" అని అడిగితే చిట్టి నవ్వింది.

"ఆ లాటిన్ భాష ఇ... ఇంట్లో మాట్లాడేవాళ్ళెవరూ లేరు వదినా. ఆ పేరొచ్చేసరికి మా గైడు కూడా ఓ క్షణం ఆగుతుంది, తప్పేమోనని. నాకదే ఇష్టం. అక్కడ అ... అందరూ నాలాగే."

ఈ నాలుగు మాటలూ అనడానికి తనకి చాలాసేపే పట్టింది. నేను ఆగాను.

మధ్యాహ్నం అత్తయ్య నడుం వాల్చాక చిట్టి కాగితాలు పట్టుకుని బల్ల పక్కన నిలబడింది. నేను మంచం మీద కూర్చుని పెద్దమనుషుల్లా మొహం పెట్టాను. మొదటి పేజీ నెమ్మదిగా నడిచింది. కాంపొనోటస్ రెండుసార్లు తన్నుకుని బయటపడింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం, మురిసిపోతూ. ఆ తర్వాత, కొమ్మల మీద గూళ్ళు కట్టే చీమ దగ్గరికి వచ్చింది. కళ్ళు మూసుకుంది. మెడ నరం ఉబ్బింది. "క్రి..." దగ్గర ఊపిరి ఆగిపోయింది.

"క్రిమాటోగాస్టర్," అన్నాను నేను.

ఎంత నున్నగా వచ్చిందో! ఫోన్‌లో ఆయన అన్నట్టే వచ్చింది.

చిట్టి కళ్ళు తెరిచి నన్ను చూసింది. కోపమైతే బాగుండేది.

"ఇంట్లో మాటలన్నీ మీరే అనేస్తారు. ఇ... ఇవైనా నాకు వదిలేస్తారనుకున్నా."

"పొరపాటున నోరు జారిందే చిట్టీ..."

"బా... బాగా అన్నావు వదినా. నువ్వే చదివెయ్యి పోనీ."

కాగితాలు సంచిలో కుక్కుకుని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. కాలేజీకి వెళ్ళి ఆ విద్యార్థి చదవడానికే ఒప్పేసుకుంటుందేమోనని భయపడ్డాను. ఇన్నాళ్ళూ ఆగగలిగిన దాన్ని ఆ ఒక్క పూట ఎందుకు ఆగలేకపోయాను? నేర్చుకున్న పేరు నోట్లో సిద్ధంగా ఉంది, అంతే. సాయం చెయ్యాలని కూడా కాదేమో. మడతపెట్టిన బట్టలే మళ్ళీ విప్పి మడతపెట్టాను.

చీకటిపడ్డాక వచ్చింది. అందరూ భోజనానికి కూర్చున్నారు. నేను వడ్డిస్తుంటే నా వైపు చూడలేదు.

"ఆ అబ్బాయి చదివితే తప్పేముందే? పని నీదేగా. మైకు పట్టుకున్నంత మాత్రాన వాడు పెళ్ళికొడుకైపోడు," అన్నారు మా ఆయన.

"అన్నయ్యా, గైడుకి చె... చె..."

"చెప్పేశావా? మంచిపని చేశావు తల్లీ," అన్నారు అత్తయ్య.

చిట్టి ఎడమచెయ్యి ఎత్తి తల్లిని ఆపింది. నా నాలుక పళ్ళ మధ్య నొక్కిపెట్టుకున్నాను.

"చెప్పేశాను. నేనే చదువుతానని. టైము రె... రెట్టింపు కావాలన్నాను. కుదరదన్నారు. అందరికీ ఎంతో నాకూ అంతే. గంట కొట్టేలోగా ఎన్ని చీమలు వస్తే అన్ని. మిగతావి వాళ్ళే తెరమీద చ... చదువుకుంటారు."

"మరి ఉద్యోగం?" అన్నారాయన.

"వస్తే వస్తుంది. మీరెవ్వరూ అక్కడికి రావద్దు."

"నేను సెలవు కూడా పెట్టానే! సరే, వదినైనా వస్తుందిలే తోడు."

చిట్టి అప్పుడు నా వైపు చూసింది. మాట కోసం వెతుకుతోందో, నొప్పించకూడదని ఆగుతోందో నాకు తెలియలేదు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"వ... వదిన అసలు రావద్దు," అంది.