మూత బిగించని సీసాలు

ఉద్యోగం లేనివాళ్లకి బోలెడంత ఖాళీ ఉంటుందని అనేవాళ్లు ఎప్పుడూ ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చుని ఉండరు. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ పని చేసేది ఉద్యోగం లేని పిల్లే. గ్యాస్ బండ వస్తే మెట్లు దిగేది ఆమె, పక్కవాటా బాబాయి కళ్లజోడు వెతికిపెట్టేది ఆమె, కుళాయి కారితే గుడ్డ కట్టేది ఆమె. "నువ్వు ఖాళీగానే ఉన్నావుగా" అని ముందు ఒక మాట తగిలిస్తే చాలు, ఎవరైనా ఏ పనైనా చెప్పొచ్చు.

చదువు పూర్తయిన రోజున బాబాయి ఆమెకి 'డిగ్రీ' అని ముద్దుపేరు పెట్టాడు. ఏడాది తిరిగేసరికి పేరు అలాగే ఉంది, ముద్దు పోయింది.

"ఏమే డిగ్రీ, కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు."

"ఏ కొండ బాబాయ్? మనింట్లో కరగడానికి ఇసుక కుప్ప కూడా లేదు."

"నోటికేం తక్కువ లేదు. ఆ నోరు ఇంటర్వ్యూలో తెరవ్వేం?"

"తెరిచాను. అనుభవం ఉందా అన్నారు. ఉద్యోగం ఇస్తే వస్తుందన్నాను. బయట కూర్చోమన్నారు."

అమ్మ నవ్వు ఆపుకుంటూ కాఫీపొడి సీసా ముందుకి తోసింది. "ఈ మూత తియ్యవే, నువ్వు ఖాళీగానే ఉన్నావుగా."

ఏ మూతైనా అమ్మ కూతురికే ఇచ్చేది. తడిబట్టలు పిండడం కూడా కూతురి పనే. ఇంటికి రాగానే అమ్మకి బద్ధకం ముంచుకొస్తుందని డిగ్రీ అనుకునేది. అనుకుని ఊరుకోలేదు, మొహం మీదే అనేది.

అమ్మ పని లాండ్రీలో. వీధి చివర ఇస్త్రీ బల్ల కాదు. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల పక్కబట్టలు వ్యాన్లకొద్దీ వచ్చిపడే పెద్ద షెడ్డు. ఒక చివర ఉతికే డ్రమ్ములు, నడుమ సెగలు కక్కుతూ ఇస్త్రీ చేసే రోలర్లు, ఇంకో చివర మడతబల్లలు. తండ్రి పోయిన దగ్గర్నుంచీ అమ్మ పొద్దుటి షిఫ్టులో ఆ బల్ల ముందే నిలబడింది.

ఆ షెడ్డులోనే సాయంత్రం షిఫ్టుకి కుర్రకారుతో శిక్షణ మొదలుపెట్టారు. జీతం లేదు. చివర్లో సర్టిఫికెట్ ఇస్తారట. 'నిరుద్యోగ యువత తమ సమయాన్ని సద్వినియోగం చేసుకోవాలి' అని గేటుకి బ్యానర్ కట్టారు. సద్వినియోగం! ఊరికే చాకిరీ చేయించుకోవడానికి ఇంత నిండైన మాట దొరకడం యజమానుల అదృష్టం.

డిగ్రీ చేరింది. ఇంట్లో కూర్చుని కొండలు కరిగించడంకన్నా అదే నయం అనిపించింది. చేరిన రాత్రే అమ్మ మంచం మీద దుప్పటి పరిచి కిటుకు నేర్పింది. రెండు కొసలు చేతుల్లో పట్టుకోవాలి, నడిమి అంచుని గడ్డం కింద నొక్కాలి, మణికట్టు ఒక్కసారి విదిలించాలి. దుప్పటి తనంతట తనే సగానికి వచ్చి పడుతుంది.

"అబ్బో, నీ దగ్గర ఇంత విద్య ఉందా!"

"ఉంది కానీ అందరి ముందూ వాడకు. ఇది చేతులకి కాస్త ఊపిరి మిగుల్చుకోడానికి. కాసేపు ఇలా గబగబా లాగించామనుకో, ఆ తర్వాత కాసేపు నెమ్మదిగా చెయ్యొచ్చు. ఎవడైనా నిలబడి చూస్తున్నాడా, మామూలుగా మడత పెట్టు."

"చేతనైంది దాచుకోవడమేంటమ్మా? అందుకే ఇన్నేళ్లుగా అదే బల్ల దగ్గర ఉన్నావు."

అమ్మ దుప్పటి తీసి మంచానికి కప్పేసింది.

మొదటి వారంలోనే డిగ్రీకి ఇంకో వింత కనబడింది. పొద్దుటి షిఫ్టు ఆడవాళ్లు మర్నాటికని నీళ్లు నింపి అలమరలో పెట్టి వెళ్లిన సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కదానికీ మూత బిగించి లేదు, ఊరికే పైన పెట్టి ఉన్నాయి. ఎంత నిర్లక్ష్యం! దుమ్ము పడదూ? రోలర్ ఆగిన కాసేపట్లో అన్ని మూతలూ ఒడిసిపట్టి బిగించేసింది. ఖాళీ దొరికితే వృథా చేసే పిల్ల కాదు మరి.

మర్నాడు అమ్మ ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అంది: "ఎవత్తికో శుభ్రం దయ్యం పట్టిందే. మా మూతలన్నీ బిగించి చచ్చింది. రేడియో పొద్దుట్నుంచీ తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది."

రేడియో అంటే అమ్మ పక్కబల్ల ఆవిడ. నోరు మూత పడదు గనక ఆ పేరు. డిగ్రీ కిసుక్కున నవ్వింది. ఎందుకు తిట్టారని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

షెడ్డులో సూపర్‌వైజర్ పేరు కొలబద్ద. ఏది చూసినా ఎంతసేపు, ఎన్ని అనడమే అతని పలకరింపు. ఒక సాయంత్రం డిగ్రీ వెనక నిలబడి ఫోన్ బయటికి తీశాడు.

"ఏదీ, ఒక్క ఐదు నిమిషాలు నీ ప్రతాపం చూపించమ్మా. మేనేజరుగారికి చూపిస్తా. అదృష్టం బాగుంటే పర్మినెంటే."

పర్మినెంటు! ఆ మాట వినగానే అమ్మ చెప్పింది గాలికి కొట్టుకుపోయింది. గడ్డం కింద అంచు, మణికట్టు విదిలింపు, పడేసినట్టు మడత, మళ్లీ మడత. చుట్టూ ఉన్న కుర్రాళ్లు ఈలలేశారు. ఏడాదిగా ఎవరికీ అక్కర్లేని మనిషి, ఆ ఐదు నిమిషాలూ అందరికీ కావలసిన మనిషి అయింది. ఆ పిల్లని తప్పుపట్టడానికి నాకైతే నోరు రాదు.

తర్వాతి సోమవారం పొద్దున్నే రమ్మని కబురొచ్చింది. ఇంటర్వ్యూలకని దాచుకున్న బట్టలు కట్టుకుని వెళ్లింది. అమ్మకి చెప్పలేదు, అక్కడే చెప్పి ఆశ్చర్యపెడదామని.

పొద్దుటి షిఫ్టు ఆడవాళ్లందర్నీ బల్లల ముందు నిలబెట్టారు. మేనేజరు కూడా వచ్చాడు. గోడకి పెద్ద టీవీ తగిలించారు. అందులో డిగ్రీ. అంత పెద్దగా తనని తాను ఎప్పుడూ చూసుకోలేదు. సిగ్గూ గర్వమూ కలిసి చెవులు వేడెక్కాయి. ఆ వేడి చల్లారకముందే కొలబద్ద గోడకి ఒక కాయితం అంటించి గొంతు సవరించుకున్నాడు.

"చూశారుగా. కొత్తగా వచ్చిన పిల్ల. ఇకమీదట అందరికీ ఇదే లెక్క. వచ్చే నెల నుంచి ఈ వేగం అందుకోలేనివాళ్లు రానక్కర్లేదు. పాతవాళ్లతో మొదలుపెడతాం."

డిగ్రీకి చప్పున చలేసింది. రోలర్లు అంత సెగ కక్కుతున్నాయి, అయినా చలేసింది. అమ్మ కోసం వెతికింది. అమ్మ ఆమెని చూడటం లేదు. టీవీలో తన మణికట్టు, తన గడ్డం, తన కిటుకు కూతురి ఒంట్లోంచి ఆడుతుంటే కళ్లార్పకుండా చూస్తోంది. ఎవరూ తిట్టలేదు. రేడియో కూడా తిట్టలేదు. రేడియో నోరు మూత పడటం ఆ షెడ్డు అంతకుముందు ఎరగదు. నాలుగు తిట్టినా బాగుండును.

వీడియో అయిపోయాక అమ్మ మెల్లిగా అంది: "గడ్డం ఇంకాస్త దించాల్సిందే. మెడ పట్టేస్తుంది."

ఆ ఒక్క మాటకి డిగ్రీ లోపల ఏదో పుటుక్కున తెగింది.

"సార్," అంది మేనేజరు వైపు తిరిగి. "అది ఐదు నిమిషాల వీడియో. షిఫ్టు ఐదు నిమిషాలు కాదుగా. ఇవాళ షిఫ్టంతా తియ్యండి. ఇదే బల్ల, ఇదే వేగం. చివరిదాకా నిలబడితే ఆ కాయితం ఉంచండి. లేకపోతే పీకండి."

"మీ అమ్మ నేర్పిందా ఈ మాటలు?" అన్నాడు కొలబద్ద.

"మా అమ్మ నేర్పింది వినే ఉంటే మీ ఫోన్ ముందు గంతులేసేదాన్ని కాదు."

మేనేజరు చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే మన పని సులువయ్యేది. "మంచిదేగా, చెయ్యనీ," అన్నాడు నవ్వుతూ.

మొదట్లో దుప్పట్లు పిట్టల్లా ఎగిరాయి. కొలబద్ద ముసిముసిగా నవ్వాడు. కాసేపటికి మణికట్టులో చీమలు పాకినట్టైంది. ఆ తర్వాత చీమలు కాదు, సూదులు. తడి ఆరని దుప్పటి ఒక్కొక్కటీ మనిషంత బరువెక్కింది. మధ్యాహ్నం భోజనాల వేళకి వేళ్లు ముడుచుకుంటే విచ్చుకోవడం లేదు, విచ్చుకుంటే ముడుచుకోవడం లేదు. ఎదురుగా అమ్మ మాత్రం కుళాయి నీళ్లు కారినట్టు ఒకే తీరున మడత పెడుతూ పోతోంది. ఆగదు, ఉరకదు.

"చాల్లేవే," అంది అమ్మ తలెత్తకుండా.

"చాలదమ్మా."

మధ్యాహ్నం దాటాక కొలబద్ద ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. "బ్యాటరీ అయిపోయింది."

"ఫోన్‌కే లేదు నాయనా షిఫ్టంతా నిలబడే ఓపిక!" అంది రేడియో. పొద్దుట్నుంచీ ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

షిఫ్టు ఇంకా మిగిలే ఉంది. డిగ్రీ చేతిలోంచి దుప్పటి జారి పడింది. వంగి తీయబోయింది. వేళ్లు అంచుని పట్టుకోలేదు. తన వేళ్లే, తన మాట వినలేదు. ఆమె వాటివంక ఎవరివో చూసినట్టు చూసింది.

మేనేజరు నవ్వు మాసిపోయింది. పాపం జాలిపడ్డాడు. కొత్త నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. "తాగమ్మా ముందు."

మూత తిప్పింది. తిరగలేదు. అరచేతుల మధ్య పెట్టి నొక్కింది. తిరగలేదు. అలవాటుగా, చిన్నప్పటిలా అమ్మకి అందించింది. అమ్మ పట్టుకుని, ఒకసారి చూసి, ప్రయత్నమైనా చెయ్యకుండా రేడియోకి ఇచ్చింది.

"నాకెందుకే? పళ్లతో తీసేదాన్ని, ఇప్పుడు ఆ పళ్లూ లేవు," అని రేడియో పక్కావిడకి ఇచ్చింది. ఆవిడ కొంగు చుట్టి తిప్పింది, పెదవి విరిచి అవతలావిడకి ఇచ్చింది. సీసా బల్ల నుంచి బల్లకి వెళ్లింది. ఒక్కొక్క చేతిలో ఒక్క క్షణం ఆగింది. ఏ చేతిలోనూ మూత కదల్లేదు. వరసంతా తిరిగి, మూత అలాగే ఉండి, మళ్లీ మేనేజరు చేతిలోకి వచ్చింది.

అతను చిటుక్కున తీశాడు. అంత తేలిక. తీసిన సీసా ఎవరికివ్వాలో తెలీక అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

అలమరలో వరసగా సీసాలు. ఊరికే పైన పెట్టిన మూతలు. డిగ్రీ చూపు వాటిమీదే ఆగింది. ఇంట్లో కాఫీపొడి సీసా, పచారీ డబ్బాలు, పిండని బట్టలు, 'బద్ధకం' అని తను అన్న ప్రతిసారీ అమ్మ తిప్పుకున్న మొహం, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తింటూ, అమ్మ చేతులు పోయాయని తనకి తెలీలేదు. డిగ్రీ చదివింది.

"చూద్దాం," అన్నాడు మేనేజరు చివరికి. యజమానుల నిఘంటువులో ఆ మాటకి అర్థం లేదు. గోడమీది కాయితం మాత్రం సాయంత్రానికి కనబడలేదు. ఎవరు పీకారని కొలబద్ద అడిగితే, అంతమంది ఆడవాళ్లలో ఒక్కరికీ తెలీదట. మూతలు తియ్యలేని చేతులు కాయితాలు పీకగలవు.

డిగ్రీని మర్నాటి నుంచి రావద్దన్నారు. సర్టిఫికెట్ లేదు.

రాత్రి బాబాయి వచ్చి కుర్చీలో చేరబడ్డాడు. "విన్నాన్లే నీ ఘనకార్యం. అయితే మళ్లీ ఖాళీయేనా?"

"ఖాళీ ఎక్కడ బాబాయ్? సాయంత్రం షిఫ్టు పిల్లలందరి ఇళ్లకీ వెళ్లాలి. ఎవడైనా ఫోన్ తీస్తే ఎలా మడత పెట్టాలో చెప్పాలి. ఆ తర్వాత వాళ్లతో కలిసి జీతం సంగతి అడగాలి."

"దాన్నేమన్నా ఉద్యోగం అంటారా?"

డిగ్రీ జవాబివ్వబోయింది. ఈలోపు అమ్మ కాఫీపొడి సీసా తెచ్చింది. అలవాటు కొద్దీ కూతురి ముందు పెట్టబోయి, ఆ పిల్ల వాచిన మణికట్లు చూసి ఆగింది. ఇద్దరూ సీసాని చూశారు. ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు.

అమ్మ సీసా తీసుకెళ్లి బాబాయి ఒళ్లో పెట్టింది.

"మరిదిగారూ, మీరు ఖాళీగానే ఉన్నారుగా. ఈ మూత తియ్యండి. తీసి, మళ్లీ బిగించకండి."