కండె లేని నాడె

కుశస్థలి ఏరు పొంగి మా వీధిలో మగ్గం గుంటలన్నీ నిండిపోయిన ఏడు అది. నేసేవాడు కాళ్ళు పెట్టుకునే గుంటలో నీళ్ళు నిలిస్తే మగ్గం ఆడదు. మగ్గం ఆడకపోతే పొయ్యి వెలగదు. తిరుత్తణి నుంచి ఆర్.కె.పేట పోయే దారిలో ఉండాది మా వీధి. వాన నిలిచినాక కూడా చాలా దినాలు ఆ వీధిలో చప్పుడు లేదు.

చప్పుడున్నది సుందరరాజ్ ఇంట్లోనే. ఆయన మాకు నూలూ, సరిగ అనే జరీ పోగూ ఇచ్చి చీరలు నేయించుకునే ఆసామి. వీధికంతా టీవీ ఆయనదొకటే. వారానికొక సాయంత్రం మద్రాసు నుంచి అరవంలో డిటెక్టివ్ కథ వేసేవాళ్ళు. ఆ కథలు పాతవి. మా నాయన చిన్నప్పుడు ఎవరో చదువుతుంటే విని, నాకు చెప్పినాడు. అప్పుడు వాటిలో గుర్రబ్బండ్లు, లాంతర్లు. టీవీలో ఈ కాలానికి మార్చినారు. గుర్రబ్బండి పోయి మోటారు సైకిలు వచ్చింది, తంతి పోయి టెలిఫోను వచ్చింది. దొంగ మాత్రం ఆ పాత దొంగే. నాకు అదే బాగుండేది. వాడెవడో తెలిసినా, ఈసారి యాడ దాక్కున్నాడో చూద్దామని పోయి కూర్చుంటాను.

అందులో డిటెక్టివు బక్కమనిషి. ఎదుటివాడు మాట్లాడుతుంటే ముఖం చూడడు, చేతులు చూస్తాడు. అబద్ధం నోటికి నేర్పొచ్చు, చేతికి నేర్పలేం అంటాడు.

నా పక్కన దండపాణి కూర్చునేవాడు. మా చెల్లెలు వనజాక్షి మొగుడు. కథ మొదలు కాకముందే, "ఆ తోటమాలేరా దొంగ, రాసిపెట్టుకోండి" అంటాడు. ప్రతి వారం తప్పే. "నువ్వు చెప్పు బావా" అని నన్ను గిల్లుతాడు. నేను చెప్పను. "మా బావ చెప్పడులే. నోట్లో కండె పెట్టుకున్నాడు" అంటే అందరూ నవ్వుతారు. కండె అంటే నూలు చుట్టి, మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టేది. నేనూ నవ్వుతాను.

ఏసు మాత్రం గేటు బయట నిలబడి కిటికీలోంచి చూసేవాడు. బస్సు దగ్గర నుంచి నూలు మూటలు మోసుకొచ్చేది అతనే. పెండ్లాం సెల్లమ్మ పక్కనే మట్టిలో కూర్చునేది. దొంగ ఫలానా అని ఏసు అంటే అదే అయ్యేది.

"ఏమిరా ఏసూ, దొంగలు నీకేమన్నా చుట్టాలా?" అని దండపాణి అరిచేవాడు.

"చుట్టాలైతే నా ఇంటికే వస్తారు గదా సామీ. నా ఇంట్లో ఏముండాది?" అనేవాడు ఏసు. వీధంతా నవ్వేది.

ఒక తెల్లారి సుందరరాజ్ ఇంట్లో సరిగ కట్టలు లేవు. వెనక గోడ పక్కనున్న గదిలో పెట్టినవి. కొత్త చీరలకని తెచ్చినవి.

మా వీధి మగవాళ్ళందరూ డిటెక్టివులైపోయినారు. పనేముండాది? ఒకడు గోడ కొలిచినాడు. ఒకడు ఎవరో పారేసిన బీడీ ముక్క తీసి వాసన చూసినాడు. వెనక బురదలో టైరు చెప్పుల గుర్తులు దొరికినాయి. పుల్లతో కొలిచి, ఏసును పిలిపించి, చెప్పు తీయించి పెట్టి చూసినారు. సరిపోయింది. టీవీలో మాదిరే ఉందని ఒకడు తొడ కొట్టినాడు. ఏసు మూటలు తెచ్చేది రోజూ ఆ వెనక దారినే. అడుగులుండక ఏముంటాయి? ఆ మాట సెల్లమ్మ అంటే, "నువ్వు నోరు మూయవే" అన్నారు.

అప్పుడు దండపాణి ముందుకొచ్చినాడు. "నేను చూసినాను. మసకలో గోడ దిగి పోతా ఉండె. మనిషి మంచోడని ఇంతదాకా ఊరుకున్నా" అన్నాడు.

"ప్రమాణం చేస్తావా?" అన్నాడు సుందరరాజ్.

మా వీధిలో ప్రమాణం నాడె మీద. కండె పెట్టిన నాడె చేత పట్టుకుని, కర్పూరం ముందర చెప్పాల. అబద్ధం చెప్తే వాని ఇంట్లో నూలు నిలవదని మాట. కండె లేని ఉత్త నాడె మీద చెప్పింది ఉత్త మాటే, దేవుడి లెక్కలోకి రాదు. అది మా పిల్లలకి కూడా తెలుసు.

"నేను చేస్తా సామీ, నాకియ్యండి" అన్నాడు ఏసు. నేసే కులం కానివాడు నాడె తాకకూడదన్నారు. "అయితే నా బైబులు మీద చేస్తా" అన్నాడు. అది మాకు చెల్లదన్నారు. దండపాణి ఇంట్లోకి పోయి తన నాడె తెచ్చినాడు. రెండు చేతులా మూసి పట్టుకున్నాడు. కర్పూరం వెలిగించినారు. అందరూ మంట చూసి దండం పెట్టినారు. అతను చెప్పినాడు.

ఏసును తిన్నె స్తంభానికి కట్టి కొట్టినారు. సరిగ యాడ పెట్టినావని అడిగి, అడిగి కొట్టినారు. కుడి చేతి వేళ్ళు విరిగినాయి. సాయంత్రం లోపల పోలీసులు బండిలో స్టేషన్‌కి తీసుకుపోయినారు. సెల్లమ్మ బండి వెనక పరుగెత్తింది.

ఆ దినమే కథ వచ్చే దినం. టీవీ పెట్టినారు. గేటు దగ్గర ఎవరూ లేరు. దండపాణి ఎప్పటి మాదిరే నా పక్కన కూర్చుని, "ఈసారి డాక్టరు రా దొంగ!" అన్నాడు. టీవీలో డిటెక్టివు ఎవరితోనో మాట్లాడుతూ వాని చేతులు చూస్తున్నాడు. నేను కూడా పక్కకు చూసినాను. దండపాణి రొంటిన, పంచె మడతలోంచి ఎర్ర నూలు పోగు ఒకటి జానెడు వేలాడుతా ఉండాది. అతని మగ్గం మీద ఆ ఏడు ఎర్ర పేకే, కండెకు చుట్టేది ఆ నూలే. మధ్యాహ్నం ఆ నాడెను రెండు చేతులా ఎందుకు మూసినాడో నాకు అప్పుడు తెలిసింది.

కథ అయిపోయింది. దొంగ డాక్టరే. మొదటిసారి దండపాణి మాట నిజమైంది. చప్పట్లు కొట్టినారు.

బయటికొచ్చినాక వేపచెట్టు కింద ఆపినాను. "బావా, కండె తీసేసి ప్రమాణం చేసినావు" అన్నాను.

అతని చేయి రొంటికి పోయింది. అంతలోనే ఆగింది.

"సరిగ యాడుండాది?"

"గుంటలో. బురద కింద" అన్నాడు. "నానిన పడుగంతా కుళ్ళిపోయింది బావా. నీ చెల్లెలు రెండు దినాలుగా గంజి నీళ్ళు తాగుతా ఉండాది. నీకు చెప్పలేదా?" అన్నాడు.

"ఏసు వేళ్ళు విరిగినాయి."

"వాడు బయటివాడు. రేపో మాపో వదిలేస్తారు. నా సంగతి తెలిస్తే వీధిలో ఎవరైనా నూలిస్తారా? వనజాక్షి యాడికి పోతుంది?" నా భుజం మీద చేయి వేసినాడు. "అయినా నువ్వు చెప్పేవానివి కాదులే బావా."

నేను ఇంటికి పోయినాను. మా యావిడ వళ్ళియమ్మ అన్నం పెడితే తినలేదు. ఏమని అడిగింది. చెప్పినాను. కంచం తీసి పక్కన పెట్టి, "ఇది బయటపెడితే చెల్లెలు మళ్ళీ నీ గడప తొక్కదు" అంది. అది నిజమే అయింది. ఏసు కూడా ఆ తర్వాత మా వీధికి మూట మొయ్యలేదు. ఆ చేత్తో ఇంకెక్కడా మొయ్యలేదు.

తెల్లారి లేచి నా నాడెలో కండె పెట్టినాను. పోగు బయటికి లాగి, అందరికీ కనిపించేటట్టు వదిలినాను. సుందరరాజ్ తిన్నె మీద కర్పూరం నేనే వెలిగించి, చూసింది చూసినట్టు చెప్పినాను. జనం నా నోరు చూస్తా ఉండిపోయినారు. వాళ్ళను వెంటబెట్టుకుని చెల్లెలింటికి పోయినాను. దండపాణి లేడు. వనజాక్షి వాకిట్లో అడ్డం నిలబడి, "అన్నా, వద్దు" అంది. పక్కకు జరిపినాను. పంచె ఎగగట్టి మగ్గం గుంటలోకి దిగి, చేతులు మోచేతి దాకా బురదలో పెట్టి, సరిగ కట్టలు ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెట్టినాను.