గేదె చెవిలో పన్నెండంకెలు

కబుర్లు కట్టిపెట్టి దగ్గరికి జరగండి. గేదెలూ, మీరు కూడా కాసేపు నెమరు ఆపండి. నేను ఒక పసుపుపచ్చ చెవి ట్యాగుని. ఫ్యాక్టరీలో పుట్టి, గోనెసంచిలో ఊరేగి, సింగారమ్మ గేదె రాణి చెవికెక్కాను. నా ఒంటి మీద పన్నెండంకెలు. అలాంటి నంబరు ముల్లోకాల్లో ఇంకోటి లేదు. రాణి పేరున్న గేదెలైతే మా ఊళ్ళోనే వీధికొకటి!

పశువుల ఆసుపత్రిలో కంప్యూటరు పని కరుణది. మొదట్లో అందరినీ ఒకే ఎక్సెల్ షీటులో కుక్కింది. గేదెకి టీకా వేసినప్పుడల్లా యజమాని పేరూ ఫోనూ మళ్ళీ కొట్టాలి. అలా మా సింగారమ్మ ఒకచోట సింగారం, ఇంకోచోట సంగారమ్మ అయింది. షీటు మహా మెతక, దేన్నీ కాదనదు. గేదె వయసు గడిలో ఎవరో "పాపం" అని కొడితే అదీ పుచ్చుకుంది. ఒకనాడు కరుణ, పేర్లు అకారాది వరసలో ఉంటే అందమని ఆ ఒక్క నిలువు వరసనే సర్దమని కంప్యూటరుకి చెప్పింది. పేర్లు కదిలాయి, గేదెలు కదల్లేదు. ఒక్క నొక్కుతో ఊరి పశువులన్నిటికీ యజమానులు మారిపోయారు!

సరిగ్గా అప్పుడే రాణి పరాయి చేను మేసి బందెలదొడ్డిలో పడింది. ఆసుపత్రి షీటులో పేరున్నవాళ్ళకే వదులుతామన్నారు దొడ్డివాళ్ళు. చూస్తే అప్పలకొండ పేరు! జన్మలో మేకపిల్లనైనా పెంచనివాడు, ఎవరి గేదెనో టీకాకి తోలుకొచ్చిన రోజు షీటులో పేరెక్కినవాడు, కొత్త పలుపుతాడు కొనుక్కుని మరీ దిగాడు.

"ఓలమ్మో, పాలు పితికింది నాను, పేరు ఆడిదేటి?" సింగారమ్మ గుండెలు బాదుకుంది.

"కంప్యూటరు అబద్ధమాడతాదేటి పిన్నీ?" అన్నాడు అప్పలకొండ.

కబురంది లాప్‌టాప్‌తో దొడ్డికొచ్చిన కరుణ నాలుక కరుచుకుని, కొత్తగా పెట్టిన డేటాబేస్ తెరిచింది. ట్యాగులు వేసిన రోజు ఇంటింటికీ తిరిగి నింపింది అందులోనే. అక్కడ మనుషులది ఒక పట్టిక, పశువులది ఒకటి, టీకాలది మరొకటి. మనిషి పేరూ ఫోనూ ఒక్కచోటే ఉంటాయి, పక్కనే ఆ మనిషికో నంబరు. గేదె వరసలో ఆ మనిషి నంబరు, టీకా వరసలో గేదె నంబరు, అంటే నేను! ఎటు తిరగేసి సర్దినా ఆ ముడి ఊడదు. ఫోను మారితే ఒక్కచోట దిద్దితే చాలు. నా అంకెలు కొట్టగానే సింగారమ్మ పేరు తెర మీదికొచ్చింది.

"పోనీ, పక్కన నా పేరు కూడా ఇరికించీ పాపా," అన్నాడు అప్పలకొండ.

కరుణ అతని పేరు కొట్టి చూపించింది. యజమాని గడి నంబరు తప్ప పుచ్చుకోదు. ఆ నంబరైనా మనుషుల పట్టికలో ఉన్నదై ఉండాలి. పశువే లేని అప్పలకొండ అందులో లేనేలేడు.

రాణి సింగారమ్మ వెనకే నడిచింది. పలుపు అప్పలకొండ చేతిలో మిగిలింది. నేను చెవిలో గర్వంగా ఊగాను. అంతలో దొడ్డి గోడ మీద కూర్చున్న ముసలాయన పెదవి విరిచాడు.

"ఆ నంబరు పనిచెయ్యదర్రా! నిన్న నాను పదిసార్లు ఫోన్ కొట్టినాను, గేదె ఎత్తనేదు!"